పురాణకథలకు ఇంగ్లీషు మాటలు

అహోబిల నరసింహుని కథను ఇంగ్లీషున వ్రాయునపుడు మన కల్లూరు విద్యార్థులు ‘మిత్’ అను మాటకు అబద్ధమని యర్థము చెప్పుకొనుచున్నారు. వాడుకలో నట్టి యర్థమును కలదు. కాని పురాణకథలను గూర్చి ప్రసంగించునపుడు అది చాలదని మా యభిప్రాయము.

గ్రీకు భాషలో ‘ముథోస్’ అనగా మాట, కథ. దేవతలను గూర్చియు సృష్టిని గూర్చియు తరతరములుగా వచ్చు కథ ‘మిత్’. ఒక స్థలమునో వీరునో యంటిపెట్టుకొని జనులు చెప్పుకొనునది ‘లెజెండ్’. రామాయణము వంటి మహాకావ్యము ‘ఎపిక్’. కావున నరసింహావతారమును మిత్ అనవచ్చును. స్వామి నల్లమలలో చెంచులక్ష్మిని పెండ్లాడెనని చెంచులు చెప్పు కథను లెజెండ్ అనవచ్చును.

‘అకిలీస్ హీల్’ అను పలుకుబడిని చూడుడు. తల్లి అకిలీసును స్టిక్సు నదిలో ముంచునపుడు పట్టుకొనిన మడమ తడియలేదు. అచ్చటనే బాణము నాటి యతడు మడిసెను. బలవంతునియందలి యొకే లోపమునకు ఈ మాట చెల్లును. గాంధారి చూపు సోకని దుర్యోధనుని తొడల కథ వినినవారికి ఇది వెంటనే బోధపడును.

‘అవతార్’ అను మాటను ఇంగ్లీషువారు మననుండియే గ్రహించిరి. కావున బాలబాలికలారా, మొదట అవ్వ చెప్పు కథ వినుడు. పిమ్మట నిఘంటువు తెరువుడు. ‘నీ కథ అబద్ధ’మని మాత్రము ఆమెతో పలుకకుడు.