ముందు నీళ్ళు, తర్వాతే కట్టు

కెమిస్ట్రీ లాబ్‌కు ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనాలని యూనియన్ మీటింగులో అనుకున్నప్పుడు, కాలిన గాయాలకు జెల్ డ్రెస్సింగులు తెప్పిద్దామని ఒక మిత్రుడన్నాడు. ఖరీదైనది కదా, మంచిదే అయివుంటుందని అందరూ తలలూపారు. నేనొక్కణ్ణే వద్దన్నాను. ఎందుకో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పుకుంటాను.

మాది వ్యవసాయ కుటుంబం. నేను ఇంటర్‌లో ఉండగా కోతల రోజున కూలీలకు వండిన అన్నం వారుస్తుంటే గంజి మా చెల్లి చేతిమీద ఒలికింది. పెరట్లో బోరు పోస్తూనే ఉంది. దాని కింద చెయ్యి పెట్టాలని ఒక్కరికీ తోచలేదు. నాయనమ్మ సిరా పొయ్యమంది. పక్కింటి అత్త టూత్‌పేస్టు పూసి పైన దూది వేసింది. పరుగెత్తి ఆ పేస్టు తెచ్చిచ్చింది నేనే! గాయం ఎంత లోతో డాక్టరుగారికి కనబడాలంటే ముందు ఆ పూతంతా పోవాలి. నర్సమ్మ అతుక్కున్న దూది ఊడదీస్తుంటే చెల్లి పెట్టిన కేకలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. అది ఇప్పటికీ పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంది.

మంట ఆరినా చర్మంలో వేడి ఆరదు, లోలోపలికి కాలుస్తూనే ఉంటుంది. పారే చల్లటి నీళ్ళకింద 20 నిమిషాలు ఉంచాలి. ఆలస్యమైనా 3 గంటల లోపు చేస్తే ఫలితముంటుంది. ఐసు మాత్రం వద్దు. వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీసెయ్యాలి. 108 బండి వచ్చేలోగా గిన్నెలమీద కప్పే పల్చటి క్లింగ్ ఫిల్మ్ పరిస్తే చాలు: గాయానికి అంటుకోదు, గాలి తగలనివ్వదు, లోపలిది కనబడుతుంది. చుట్టూ బిగించి చుట్టకూడదు, ముఖానికి వెయ్యకూడదు. అది లేకపోతే ఉతికిన నూలుగుడ్డ. (అరటాకు మాటేమిటంటారా? ముంబై డాక్టర్లు కాలిన గాయాలకు దాన్ని వాడారు, నిజమే. కాని ఆవిరిలో శుద్ధి చేసి. మా తోటలోంచి కోసుకొచ్చిన ఆకు అది కాదు.)

జెల్ దండగ అనను. నీళ్ళు దొరకని చోట అక్కరకొస్తుంది. ఒళ్ళు ఎక్కువగా కాలినవాళ్ళకు, అందులోనూ పిల్లలకు, ఒళ్ళంతా పరిస్తే శరీరం చల్లబడిపోయే ప్రమాదముంది. మన లాబ్‌లో భయం యాసిడ్‌తో. దానికి ఫిల్మూ కాదు, జెల్లూ కాదు, నీళ్ళే. 20 నిమిషాలకన్నా ఎక్కువసేపే.

ఆ నీళ్ళ సంగతే చూడండి. మధ్యాహ్నం రెండు దాటితే లాబ్ కుళాయి రాదు, మన ప్రాక్టికల్సేమో రెండున్నరకు. ఆ జెల్ డబ్బుతో ముందు లాబ్ మీద ఒక ట్యాంకు పెట్టించండి. మిగిలితే హాస్టల్ వంటింటికి ఫిల్మ్ చుట్ట ఒకటి కొనండి.