దండల పెళ్లికి చట్టంలో చోటేది?

మద్రాసు వాళ్లు ఎప్పుడో చేసిన పని మనం ఇన్నేళ్లయినా ఎందుకు చేయలేదో నాకు బోధపడదు. అన్నాదురై ప్రభుత్వం 1967లో సవరణ తెచ్చి హిందూ వివాహ చట్టంలో 7-ఎ అనే సెక్షన్ చేర్చింది. బంధువులో స్నేహితులో నలుగురి ఎదుట, తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు చేసుకుంటున్నామని చెప్పి దండలు మార్చుకున్నా, ఉంగరాలు తొడుక్కున్నా, తాళి కట్టినా పెళ్లి అయినట్టే. పురోహితుడు ఉండి తీరాలని లేదు.

ఇలాంటి పెళ్లిళ్లు మనకేం కొత్త కాదు. తెనాలి సూతాశ్రమం త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి తెలుగులో పెళ్లిళ్లు చేయించారు. విజయవాడలో గోరా, ఊళ్లలో కమ్యూనిస్టులు ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మా మేనమామ పెళ్లి పార్టీ సభలోనే జరిగింది. అన్నాలు వడ్డించనీయకుండా ఉపన్యాసాలు దంచారని మా అత్తయ్య ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఆ పెళ్లి చట్టం కళ్లకు ఆనదు. వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలంటుంది 7వ సెక్షన్. తంతు లేకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన హిందూ వివాహం కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకోసారి తేల్చి చెప్పింది. అంటే సర్కారు ముద్ర చాలదు, హోమగుండం పొగ తగలాలి.

దస్తావేజులు రాసే నా బల్ల దగ్గరికి ఓ జంట వచ్చింది. అమ్మాయి నర్సు. స్నేహితుల మధ్య దండలు మార్చుకున్న ఫొటోలు తెచ్చారు. లోపల గుమస్తా అటూ ఇటూ తిరగేసి "తాళి కట్టే ఫొటో ఏదీ?" అన్నాడు. ఏ ఆఫీసో ఎందుకులెండి. దగ్గర్లో గుడికెళ్లి, పసుపు కొమ్ము కట్టిన తాడు కొని, ఫోన్లో ఫొటో తీయించుకుని మధ్యాహ్నం లోపే తిరిగొచ్చారు. తాడు ముడేస్తున్న పిల్లాడి మోచేతికి హెల్మెట్ వేలాడుతూనే ఉంది. ఫైలు కదిలింది. విచిత్రమేమంటే ఆ 7వ సెక్షన్లో ఏడడుగుల ప్రస్తావన ఉంది గానీ తాళి ఊసే లేదు!

తంతు లోపం ఎవరికి కలిసొస్తుంది? 1965 నాటి భావూరావ్ లోఖండే కేసులో భార్య ఉండగానే మరొకామెను చేసుకున్నాడన్న నేరానికి శిక్ష పడింది. రెండో పెళ్లిలో కావలసిన తంతు జరగలేదు గనుక అది పెళ్లే కాదని సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. దండ వేసి, కాపురం చేసి, బిడ్డల్ని కని, ఆనక 'అసలు మనకు పెళ్లెప్పుడైంది?' అనే మొగుడికీ ఇదే సందు.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉందిగా అంటారు. ఉంది. పేర్లు, అడ్రసులతో నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. సొంతూరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకూ కాపీ వెళ్తుంది. కులం దాటి పెళ్లాడినందుకు 2018లో మిర్యాలగూడలో ఓ కుర్రాణ్ణి ఆసుపత్రి బయటే నరికి చంపారు. అలాంటి భయం నెత్తిన ఉన్నవాళ్లను మీ ఆచూకీ గోడకు అంటించుకుని నెల్లాళ్లు ఆగమనడం న్యాయమా?

పెళ్లిళ్ల చట్టాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ 7-ఎ లాంటిదొకటి ఆమోదించి రాష్ట్రపతికి పంపొచ్చు. మంత్రాలు కావాలనుకునేవారి పందిరి జోలికి ఎవరూ పోనక్కర్లేదు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు: పాత పెళ్లిళ్లకూ వర్తించేలా రాయాలి. మద్రాసు సవరణ అలాగే రాశారు. మా అత్తయ్య దగ్గర పెళ్లి కార్డు లేదు, ఫొటో లేదు, ఉపన్యాసాలు విన్నవాళ్లలో మిగిలింది ఇద్దరో ముగ్గురో.