విండోస్ 10కు గడువు తీరింది: బిలాస్‌పుర్ రైల్వే ఇళ్లలో పాత కంప్యూటర్ల సంగతి ఏమిటి?

2015 జులై 29న విడుదలైన విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టంకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును నిలిపివేసింది. ఆ మరునాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. తెర వెలిగింది, ఫైళ్లు తెరుచుకున్నాయి, టికెట్లు బుక్ అయ్యాయి. అందుకే ఈ గడువును పట్టించుకున్నవారు తక్కువ. ఆగిపోయింది కంటికి కనిపించని పని. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు నెలనెలా ఉచితంగా అందే మరమ్మతులు ఇక అందవు.

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పుర్‌లో ఈ సమస్యకు మరొక కోణం ఉంది. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ రైల్వే పట్టణంలో ఉన్నాయి. పదవీ విరమణ చేసిన పెద్దలకు పింఛను పత్రాలు, బ్యాంకు లావాదేవీలు, విశాఖపట్నం వైపు రైలు రిజర్వేషన్లు అన్నీ నేడు తెర మీదనే జరుగుతున్నాయి. పిల్లలు ఎప్పుడో కొనిచ్చిన కంప్యూటర్ మీద జీవితకాలపు పొదుపు వివరాలు ఉంచుకున్నవారికి ఇది కేవలం సాంకేతిక విషయం కాదు.

మద్దతు లేని లేదా మరమ్మతు చేయని వ్యవస్థ ఎంత చేటు తెస్తుందో 2017 మే నెలలో దేశం చూసింది. వాన్నాక్రై దాడికి దారి ఇచ్చిన లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు, కేరళలో పాలక్కాడ్ రైల్వే డివిజన్ కార్యాలయంలోని మరికొన్ని ఆ దాడికి గురయ్యాయి. నాడు మరమ్మతు ఉండీ వేసుకోలేదు. నేడు విండోస్ 10 వాడకందారులకు, నమోదు చేసుకోకపోతే, మరమ్మతే రాదు.

మరి ఏం చేయాలి? మొదట తేల్చుకోవలసింది కంప్యూటర్ అర్హత. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో స్వల్ప మినహాయింపులతో 2017లో మొదలైన 8వ తరం, ఆ తర్వాతివి మాత్రమే అర్హమైనవి. పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ సంగతి నిమిషాల్లో చెబుతుంది. అయితే అది ‘కాదు’ అన్నంత మాత్రాన నిరాశపడనక్కర్లేదు. అనేక యంత్రాలలో టీపీఎం సదుపాయం ఉండి కూడా బయోస్ సెట్టింగులలో ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ యంత్రాలలో పీటీటీ, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో అది కనిపిస్తుంది. కొత్త కంప్యూటర్ కొనమని దుకాణదారు చెప్పే ముందు ఈ ఒక్కటీ చూపించమని అడగడం మంచిది. అర్హత ఉంటే మార్పు ఉచితమే.

అర్హత లేని యంత్రాలకు మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చింది. గృహ వినియోగదారులు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు పొందవచ్చు. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో అనుసంధానిస్తే ఇది ఉచితం. లేదంటే 30 డాలర్లు లేదా ఆ మేరకు స్థానిక ధర. ఒక్క నమోదుతో 10 కంప్యూటర్ల వరకు చెల్లుతుంది. సంస్థలకు మాత్రం భారం ఎక్కువ: ఒక్కో యంత్రానికి తొలి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. పనిచేస్తున్న యంత్రాన్ని ఒక చిప్ పేరిట పనికిరానిదిగా తేల్చి, ఆ పైన గడువు పెంపునకు రుసుము అడగడం వినియోగదారుకు న్యాయంగా తోచదు. అయినా మరమ్మతులు లేకుండా బ్యాంకు పని చేయడం కంటే ఈ వెసులుబాటు మేలు. నిబంధనలను దాటవేసి విండోస్ 11 వేసిస్తామనేవారి మాట వేరు. అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

లైనక్స్ మరో మార్గం. సీ-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్ భారతీయ భాషలకు తోడ్పడుతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. చదువుకు, బ్రౌజింగ్‌కు అది చాలు. అయితే వేలిముద్ర యంత్రాలు, పాత ప్రింటర్లు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తెలుగు అచ్చుపని చేసే ఏర్పాట్లు విండోస్‌ను నమ్ముకున్నవి. పింఛనుదారుల జీవన్ ప్రమాణ్ పత్రానికి మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖ గుర్తింపు సదుపాయం ఉన్నందున, ఆ ఒక్క పని కోసం కంప్యూటర్ మార్చవలసిన అవసరం లేదు.

ఇదే ప్రశ్న రైల్వేకు మరింత పెద్ద స్థాయిలో ఎదురైంది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్, రూపొందించిన కాన్సర్ట్ రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1994లో తొలిసారి సికింద్రాబాద్‌లో అమలైంది. నేటి రిజర్వేషన్ వ్యవస్థ 2010లో నెలకొల్పిన ఐటేనియం సర్వర్ల మీద, ఓపెన్ వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టంతో నడుస్తోందని ప్రభుత్వం 2025లో పార్లమెంటుకు తెలిపింది. ఆ ప్రాసెసర్ల సరఫరాను ఇంటెల్ 2021లోనే ముగించింది. విడిభాగాలు దొరకని యంత్రాన్ని ఎంత నమ్మకంగా పనిచేస్తున్నా ఎంతకాలమని లాగగలరు? నిమిషానికి 32,000గా ఉన్న టికెట్ల సామర్థ్యాన్ని లక్షన్నరకు పెంచే కొత్త వ్యవస్థకు రైల్వే శాఖ సిద్ధపడింది. అక్కడ నిపుణులున్నారు, నిధులున్నాయి. బుధ్‌వారీ బజార్ పరిసరాల్లోని విశ్రాంత ఉద్యోగికి ఆ రెండూ లేవు.

ఆ ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉండి, అది విండోస్ 11కు అర్హం కాకపోతే, వరుస ఇలా ఉండటం ఉచితం: ముందు ఫొటోలు, పింఛను ఉత్తర్వులు, బ్యాంకు పత్రాలు విడి హార్డ్ డిస్కులోకి నకలు చేయడం, వెంటనే ఏడాది వెసులుబాటుకు నమోదు కావడం, కొత్త యంత్రమా, లైనక్సా అన్నది ఆ తర్వాత నింపాదిగా తేల్చుకోవడం. నమోదుకు 2026 అక్టోబరు 13 వరకు అవకాశం ఉన్నప్పటికీ, నమోదు చేసుకునేంతవరకు గడిచే ప్రతి నెలా ఆ యంత్రం మరమ్మతులు లేకుండానే ఇంటర్నెట్‌లో ఉంటుంది.