గురియా? వెలయా?

ఒలింపిక్ విజేతలు పట్టిన పిస్తోలే కావలెననియు, లేనిచో గురి కుదరదనియు, గాలి పిస్తోలు సాధన నారంభింపనెంచు బాలబాలికల తలిదండ్రులను బెదరించువారు బయలుదేరినారు. ఈ వాదము వర్తకులకు లాభకరమేగాని సత్యముగాదు.

పది మీటర్ల పోటీకి నిబంధనలేమి కోరుచున్నవి? 4.5 మిల్లీమీటర్ల సీసపుగుండు, 1500 గ్రాములకు మించని పిస్తోలు, 500 గ్రాములకు తగ్గని ట్రిగ్గరు బరువు. వెలనుగూర్చి యొక్క మాటయు లేదు. పది మార్కుల వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, చేయి వణకువానికి స్విట్జర్లాండు పనితనమైనను దానిని వెడల్పు చేయజాలదు.

ఒక్కమారు మీట నొక్కి గాలి నింపుకొను సాదా పిస్తోలు, పిడి చేతికి సరిపడినచో, తొలి యేండ్లకు చాలును. సిలిండరుగల పాతదానిని కొన్నను తప్పులేదు. అయితే సిలిండరుమీది తేదీని చూడక కొనువాడు మోసపోవును; పదేండ్లు దాటినదానిని పోటీలో పట్టనీయరు. మిగిలిన ధనమును గుండ్లకు వెచ్చింపుడు.

2024లో పారిసునందు మను భాకరు రెండు కాంస్యపతకములు గెలిచినపుడు సన్మానసభలు జరిపిన సంఘములవారిని మేమడుగుచున్నాము: పేదబిడ్డకు వాడుకకిచ్చుటకు మీ సాధనశాలలలో పిస్తోళ్లెన్ని యున్నవి?