అనుమతి ఎవరిది?

ఆడపిల్లలు తమ దిగులును తోటిపిల్లలతో ఆన్‌లైన్‌లో చెప్పుకోవాలన్నా తండ్రి అనుమతి కావాలట! 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. 2025 నిబంధనలు ఆస్పత్రులకు, వైద్యులకు కొంత మినహాయింపు ఇచ్చాయి. తోటిపిల్లల బృందాలు నడిపే మనలాంటి సంఘాలకు ఇవ్వలేదు. (పిల్లలు పిల్లలతో చెప్పుకునేది పెద్దలకు ఎప్పుడూ కబుర్లే.) చదువు మాన్పించి పెళ్లి చేస్తానంటున్న తండ్రినే ఆ పిల్ల అడగాలా, 'నీ గురించి చెప్పుకోవచ్చా' అని?

పిల్లల సమాచారంతో వ్యాపారం చేసే కంపెనీలను కట్టడి చేయాల్సిందే. ఆ పేరుతో పితృస్వామ్యానికి మరో అధికారం కట్టబెట్టడాన్ని నేను ఒప్పుకోను. 2022 నుంచి 14416 టెలి మానస్ ఉంది కదా అంటారు. ఉంది. ఫోను మాత్రం తండ్రి జేబులో, లేదంటే వార్డెన్ బీరువాలో!

శిక్షణ పొందిన కార్యకర్త తోడుండే బృందాలకూ మినహాయింపు కావాలని మనం అడగాలి. ఈ షరతు అమలుకు 2025 నవంబరు నుంచి 18 నెలలే గడువు.