10 రూపాయల నాణెంపై తప్పు ముద్ర.. టంకశాలదా? ఆకురాయిదా?

తప్పు ముద్ర పడ్డ నాణేనికి లక్షలు.. స్టార్ గుర్తున్న రూపాయికి కోటి.. తోటపల్లి గూడూరులో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా ఫోన్ తెరిస్తే ఇలాంటి వీడియోలే. టంకశాలలో తప్పులు జరిగేది నిజమే. అలాంటి నాణేలను సేకరించేవాళ్లు డబ్బిచ్చి కొనేదీ నిజమే. ఈ నిజాన్ని అడ్డం పెట్టుకునే రెండు మోసాలు నడుస్తున్నాయి. ఒకటి, మామూలు నాణేన్ని చెడగొట్టి అరుదైనదని అమ్మడం. రెండోది, మీ నాణెం కొంటామని చెప్పి ముందే డబ్బు గుంజడం.

తేడా ఎక్కడ?

లోహపు రేకు నుంచి ముందు ఖాళీ బిళ్లలు కోస్తారు. బిళ్ల కాలర్ అనే ఉక్కు కట్టులో కూర్చోగానే పైన, కింద ఉన్న డైలు గట్టిగా నొక్కి ముద్ర వేస్తాయి. టంకశాల తప్పు ఏదైనా ఆ దెబ్బకు ముందో, ఆ దెబ్బతోనో జరగాలి. మోసగాడి పని మొదలయ్యేది బొమ్మ పడ్డాకే. నాణేన్ని చూడాల్సింది ఈ లెక్కతోనే.

అంచు తెగిన నాణెం: బిళ్లే కురచగా తెగి ఉంటే కోత దగ్గర బొమ్మ మెల్లగా పలచబడుతుంది. చాలాసార్లు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా బలహీనంగా పడుతుంది. ఆకురాయితో అరగదీస్తే అక్షరాలు కత్తితో కోసినట్టు ఆగిపోతాయి. కొత్త మెరుపు, గీతలు కనిపిస్తాయి.

తిరగబడ్డ బొమ్మ: ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుంటే, తర్వాతి బిళ్ల మీద దాని బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి నొక్కుకుని పడుతుంది. రెండు నాణేలను బెంచి వైస్‌లో బిగించి నొక్కినా ఇలాంటి గుర్తే వస్తుంది. కానీ అణిగిపోయిన అసలు బొమ్మ దాని కింద కనిపిస్తూనే ఉంటుంది.

రెండు లోహాల 10 రూపాయలు: నడిమి బిళ్ల, చుట్టూ ఉన్న రింగు కలిసేది ముద్ర పడేటప్పుడే. అందుకే నిజమైన తప్పులో బిళ్ల పక్కకి జరిగినా, ముద్ర రెండు లోహాల మీదా తెగకుండా సాగుతుంది. బిళ్లను ఊడదీసి తిప్పి పెడితే అతుకు దగ్గర గీతలు కలవవు.

రెండు వైపులా ఒకే బొమ్మ: ఎక్కువ భాగం రెండు నాణేలను లేత్ మీద కోసి అతికించినవే. అంచు లోపల సన్నటి అతుకు గీత కోసం చూడండి. బంగారు షాపు కాటా మీద బరువు కూడా తూయించండి. 2011లో వచ్చిన రూపాయి గుర్తు 10 నాణెం బరువు 7.71 గ్రాములు.

తప్పు కానివి

స్టార్ గుర్తు తప్పు కాదు, హైదరాబాద్ టంకశాల ముద్ర. ముంబైది డైమండ్, నోయిడాది చుక్క. కోల్‌కతాకు గుర్తే లేదు. 10 రూపాయల నాణేలు 14 డిజైన్లలో ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది. డిజైన్ వేరైనంత మాత్రాన అది అరుదైనదీ కాదు, దొంగదీ కాదు.

నాణెం విలువ తెలియక పోగొట్టుకోవడం నెల్లూరుకు కొత్త కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఓ రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. పాత బంగారం కింద అమ్మేయడంతో చాలావరకు కరిగిపోయి ఉంటాయని అప్పట్లోనే రాశారు. మిగిలినవి ముప్పై చిల్లర. వాటిలోనూ కొన్నింటికి నగలుగా వేసుకోవడానికి చిల్లులు పొడిచి ఉన్నాయి.

ఇప్పుడు భయం తిరగబడింది. విలువ లేనిదాన్ని నమ్మి ఉన్న డబ్బు పోగొట్టుకుంటున్నారు. తన పేరు, లోగో వాడుకుని పాత నాణేలు, నోట్ల లావాదేవీలకు ఫీజు, కమీషన్, పన్ను అడుగుతున్నారని, తాము అలాంటి వ్యాపారం చేయమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టు 4న హెచ్చరించింది.

నిజంగా కొనేవాడు నాణేన్ని చేతిలోకి తీసుకుంటాడు, తూస్తాడు, అంచు చూస్తాడు. మోసగాడికి వాట్సాప్ ఫొటో చాలు, వెంటనే రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతాడు. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నాణెం నిజంగా తేడాగా ఉందనిపిస్తే తోమకండి, యాసిడ్‌లో వేయకండి. ఉన్నది ఉన్నట్టు తెలిసినవాళ్లకు నేరుగా చూపించండి.