తాళంచెవి ఎవరి చేతిలో?



మొన్న ఆదివారం పామిడిముక్కల నుంచి మా భాంజా ఫోన్. "మామూ, కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కట్లేదు. కంపెనీ బొమ్మ వచ్చి తెర నల్లబడిపోతుంది. టచ్ స్క్రీన్ వాటికి లినక్స్ పడదంట. షాపాయన కావాల్సినవన్నీ క్రాక్‌వి వేసిస్తానంటున్నాడు."

ఆపా చీటీ పాడి కొన్న లాప్‌టాప్ అది. బస్సెక్కి వెళ్ళాను.

ముందు టచ్ స్క్రీన్ మాట. పాపం, అది బేకసూర్. కెర్నల్ లేచాకే టచ్ పని మొదలవుతుంది, అంతకు ముందే తెర నల్లబడితే దాన్ని ఎందుకనడం? వాడి పెన్‌డ్రైవ్‌లో ఉన్నది సీనియర్ ఇచ్చిన ఉబుంటు 20.04. అంటే 2020 నాటిది. నిన్నగాక మొన్న పుట్టిన గ్రాఫిక్స్ చిప్‌ని అది ఎలా గుర్తుపడుతుంది? 24.04 ఎక్కించుకుని వెళ్ళాను. అది కూడా మొరాయిస్తే, గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' అని రాసి చూడండి. తెర వెలిగాక సరైన డ్రైవర్ వేసుకోవచ్చు.

అసలు మసలా ఇది కాదు. ఎవరో దోస్త్ చెప్పాడని వాడు అప్పటికే సెక్యూర్ బూట్ ఆపేశాడు. దాంతో విండోస్ నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతూ కూర్చుంది. లోపల వాళ్ళ బాజీ నికా ఫోటోలు. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అకౌంట్ ఎవరిది? కొన్న రోజు షాపాయనే తన మెయిల్‌తో తెరిచాడు! ఆపా ముఖం చూడలేకపోయాను.

సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేశాం. అల్‌హందులిల్లాహ్, విండోస్ లేచింది. ఆ కీని కాగితం మీద రాయించి ఆపా చేతికిచ్చాకే లినక్స్ జోలికి వెళ్ళాం. నిజానికి ఉబుంటుకి సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు, దాని బూట్ ఫైలుకి మైక్రోసాఫ్ట్ ముద్ర ఉంది. కొన్ని కొత్త మెషీన్లలో ఆ ముద్రని ఒప్పుకునే ఆప్షన్ మూసి ఉంటుంది, బయోస్‌లో తెరవాలి.

నేను సెక్యూర్ బూట్‌ని జుల్మ్ అనను. దొంగ ప్రోగ్రాము బూట్‌లో దూరకుండా కాపలా అది. కానీ మన ఇంటి దర్వాజాకి ముద్ర వేరేవాళ్ళది కావడం నాకు మింగుడుపడదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఒకటి వచ్చి, విండోస్ పక్కన లినక్స్ ఉన్న మెషీన్లు చాలా చోట్ల బూట్ కాకుండా ఆగిపోయాయి. ఏ తప్పూ చేయనివాళ్ళు రాత్రికి రాత్రి బయట నిలబడ్డారు. కాబట్టి కొన్న రోజే అకౌంట్ మన పేరుతో, కీ మన బీరువాలో ఉండాలి. అదీ అమానతే.

ఇక క్రాక్ సంగతి. "అందరూ వాడుతున్నారు కదా" అంటారు. హోటల్లో బిర్యానీ తిని డబ్బు కట్టకుండా వస్తామా? నాకైతే ఇది హుకూకుల్ ఇబాద్ మసలా. పైగా ఉచితంగా, హలాల్‌గా దొరికేది పక్కనే ఉండగా!

మగ్రిబ్ లోపు టచ్ కూడా పనిచేసింది. ఆపా వేలితో తెర మీద ఉర్దూలో తన పేరు రాసి, "నుక్తా సరిగ్గా పడలేదురా" అంది.